‘పిక్ అప్’: అర్థాలు, తెలుగువారి వాడుక

పిక్ అప్ ఇంగ్లీషులో చాలా తరచుగా వినిపించే ఫ్రేజల్ వెర్బుల్లో ఒకటి. ‘పిక్’ అనే క్రియకు ‘అప్’ అనే చిన్న మాట చేరి ఇది ఏర్పడింది. కింద ఉన్న వస్తువును చేత్తో పైకి తీయడం దీని మొదటి అర్థం. మనిషిని బండి ఎక్కించుకోవడం, చెవిన పడ్డ భాష వంటబట్టడం, జలుబు పట్టుకోవడం, ఫోన్ ఎత్తడం, వ్యాపారం పుంజుకోవడం, రేడియోకు సంకేతం అందడం, ఆపిన కథను మళ్ళీ ఎత్తుకోవడం కూడా ఈ ఒక్క మాటతోనే చెబుతారు. పెద్ద నిఘంటువుల్లో దీనికి పదికి మించిన అర్థాలు కనిపిస్తాయి. తెలుగులో ‘పికప్’ అనే అరువు మాటగా ఇది స్థిరపడి చాలాకాలమే అయింది. కానీ మూలంలో ఉన్న అర్థాలన్నీ మనకు రాలేదు. ఏవి వచ్చాయి, ఏవి రాలేదు, రానివాటికి మన దగ్గర ఏ మాటలున్నాయి అన్నదే ఈ వ్యాసంలో ప్రధానం. ఉదాహరణ వాక్యాలు అండమాన్‌లోని డెలానీపూర్ వంటి పేటలో తెలుగువారి రోజువారీ జీవితానికి సరిపడేలా కూర్చినవి.

డెలానీపూర్, మూడు భాషల నడుమ

డెలానీపూర్ పోర్ట్ బ్లెయిర్ నగరంలో హడ్డో రేవుకు దగ్గర్లో ఉన్న పేట. ‘సముద్రిక’ నౌకాదళ సంగ్రహాలయం ఈ ప్రాంతంలోనే ఉంది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నగరం పేరును శ్రీ విజయపురంగా మార్చింది. పాత పేరు కూడా ఇంకా వాడుకలో ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరవాత నాలుగో స్థానం తెలుగుదే. వీరిలో చాలామంది కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చినవి. చేపల వేట, కూలిపని, వ్యాపారం, సర్కారు కొలువు, ఇలా రకరకాల బతుకుతెరువులతో వచ్చి స్థిరపడ్డారు.

ఈ దీవుల్లో అన్ని జాతులవారినీ కలిపే భాష హిందీ. బడుల్లో సీబీఎస్ఈ చదువు, దాంతో ఇంగ్లీషు తప్పనిసరి. కాబట్టి ఇక్కడి తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. ‘పిక్ అప్’ అనగానే వాళ్ళకు హిందీలోని ‘ఉఠానా’ గుర్తుకొస్తుంది, ఆ వెంటనే తెలుగు ‘ఎత్తు’ గుర్తుకొస్తుంది. సంచి ఎత్తడం, ఫోన్ ఎత్తడం అనే రెండు అర్థాల్లో మూడు భాషలూ ఒక్క దారినే నడుస్తాయి. అందుకే ఆ రెండూ ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి. చిక్కంతా ఆ తరవాత మొదలవుతుంది.

ఎత్తడం, తీయడం, ఏరడం

నేల మీద ఉన్న దేన్ని పైకి తీసినా ఇంగ్లీషుకు పిక్ అప్ సరిపోతుంది. తెలుగుకు సరిపోదు. జారిపడ్డ నాణెం ‘తీస్తాం’. ఒలికిన బియ్యం ‘ఏరతాం’. బరువైన మూట ‘ఎత్తుతాం’. ఏడుస్తున్న పసిపిల్లను ‘ఎత్తుకుంటాం’. వస్తువు ఒకటా అనేకమా, బరువా తేలికా, ఎత్తాక తన దగ్గరే ఉంచుకున్నామా అన్నది తెలుగు క్రియే చెప్పేస్తుంది. ‘షి పిక్డ్ అప్ ద బేబీ’ అన్న వాక్యానికి ‘ఆమె పాపను ఎత్తింది’ అని రాస్తే తెలుగు తెలిసినవారెవరూ ఒప్పుకోరు. చంకకు చేరిన పిల్ల విషయంలో ‘ఎత్తుకుంది’ అనే అనాలి.

అండమాన్‌లో ఈ మొదటి అర్థానికి చట్టంతో ముడిపడిన ఉదాహరణ ఒకటుంది. తీరంలో పగడాలు, గవ్వలు పిక్ అప్ చేయవద్దని పర్యాటకులను హెచ్చరిస్తారు. పగడపు జీవులకూ, కొన్ని జాతుల గవ్వలకూ, శంఖాలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఈ హెచ్చరికను తెలుగులో ‘గవ్వలు ఎత్తవద్దు’ అని రాస్తే అర్థమవుతుంది గానీ అది తెలుగులా ఉండదు. ‘గవ్వలు ఏరుకోవద్దు’ అన్నదే మాట. చెల్లాచెదురుగా పడి ఉన్నవాటిలోంచి నచ్చినవి చూసుకుని తీసి దాచుకోవడం అనే పని మొత్తం ఆ ఒక్క ‘ఏరుకోవద్దు’లో ఉంది.

మనిషిని ఎక్కించుకోవడం

తెలుగులో పికప్ ఎక్కువగా పాతుకుపోయిన అర్థం ఇదే. విమానాశ్రయం దగ్గర, ఓడరేవు దగ్గర, బస్టాండు దగ్గర, స్కూలు వ్యాను దగ్గర పికప్, డ్రాప్ అన్నవి జంట మాటలు. దీవుల్లో పర్యాటకం పెరిగాక హోటల్ పికప్, జెట్టీ పికప్ అనేవి ప్యాకేజీ ధరలో భాగమైపోయాయి. పోర్ట్ బ్లెయిర్ వీర సావర్కర్ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ 2023 జులైలో ప్రారంభమైంది. కానీ ఉత్తరాంధ్ర నుంచి సామానుతో వచ్చే కుటుంబాలకు విశాఖ ఓడ కూడా ముఖ్యమే. రెండు మూడు రోజుల సముద్ర ప్రయాణం చేసి వచ్చేవారికి ఎదురెళ్ళడం ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో మామూలు పని.

ఆ పనికి తెలుగువారు రెండు ఇంగ్లీషు మాటలు వాడతారు. వాటి మధ్య తేడా గమనించదగ్గది. ‘పిన్నీ బాబాయీ ఓడలో వస్తున్నారు, రిసీవ్ చేసుకోవాలి’ అంటే ఎదురెళ్ళి, పలకరించి, మర్యాదగా ఇంటికి తీసుకురావడం. ‘పికప్ చేసుకోవాలి’ అంటే బండిలో ఎక్కించుకుని రావడం. మర్యాద సంగతి ఆ మాటలో లేదు. పెద్దవాళ్ళ విషయంలో చాలామంది ‘రిసీవ్’ అనడానికి, స్నేహితుల విషయంలో ‘పికప్’ అనడానికి కారణం ఇదే. ఇంగ్లీషులో మాత్రం అమ్మనైనా అతిథినైనా పిక్ అప్ చేయవచ్చు, అందులో అమర్యాద ఏమీ లేదు.

అచ్చ తెలుగులో దీనికి సరైన మాట ‘ఎక్కించుకొను’. ‘వచ్చేటప్పుడు డెలానీపూర్ దగ్గర నన్ను ఎక్కించుకో’ అన్న వాక్యం ఇంగ్లీషు ‘పిక్ మి అప్’కు అక్షరాలా సరిపోతుంది. మనిషిని కాక పార్సెలునో, టిక్కెట్లనో తెచ్చుకోవడమైతే ‘తీసుకొను’, ‘తెచ్చుకొను’ చాలు.

ఇదే అర్థానికి రెండు పక్క దారులున్నాయి. ‘ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్’ అంటే పోలీసులు అతన్ని అదుపులోకి తీసుకున్నారని. ఊరి మాటలో ‘ఎత్తుకెళ్ళారు’ అంటారు, పత్రికలో ‘అదుపులోకి తీసుకున్నారు’ అనే రాస్తారు. రెండోది, ముక్కూ మొహం తెలియనివారితో సరసానికి పరిచయం పెంచుకోవడం. ‘హి పిక్డ్ అప్ ఎ గర్ల్’ అన్న వాక్యానికి సందర్భం తెలియకపోతే ఈ చెడ్డ అర్థం తగులుతుంది. క్లాసులో దీన్ని దాచడం కన్నా చెప్పి జాగ్రత్తపరచడమే మంచిది. ‘ఐ పిక్డ్ అప్ మై సిస్టర్ ఫ్రమ్ ద జెట్టీ’ అని చోటు పేరు చేర్చితే ఏ సందేహానికీ తావుండదు.

భాష అబ్బడం, జబ్బు పట్టుకోవడం, సిగ్నల్ అందడం

ఈ మూడూ వేర్వేరు అర్థాలుగా నిఘంటువులో ఉంటాయి. తెలుగువాడి దృష్టిలో మాత్రం ఇవి ఒకే కుదురు. ఎందుకో చూద్దాం.

శ్రీకాకుళం పల్లె నుంచి పెళ్ళయి పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చిన ఒకామెను ఊహించుకోండి. హిందీ పాఠం ఒక్కటీ చదవలేదు. బెంగాలీ కొట్టువాడితో, తమిళ పొరుగింటావిడతో, రాంచీ వైపు నుంచి వచ్చిన పనిమనిషితో మాట్లాడక తప్పదు. కొన్నాళ్ళకు ధారాళంగా హిందీ మాట్లాడేస్తుంది. ఇంగ్లీషులో దీన్ని ‘షి పిక్డ్ అప్ హిందీ’ అంటారు. ‘లర్న్’ అంటే కూర్చుని నేర్చుకోవడం, ‘పిక్ అప్’ అంటే మసలుకుంటూ ఉంటే వచ్చేయడం. తెలుగులో ‘ఆమెకు హిందీ అబ్బింది’, ‘వంటబట్టింది’, ఇంకా మామూలుగా ‘వచ్చేసింది’. వాక్యంలో కర్త ఎవరు? ఆమె కాదు, హిందీ.

వానలో తడిసిన పిల్లవాడు జలుబుతో ముక్కు చీదుతున్నాడు. ఇంగ్లీషులో ‘హి పిక్డ్ అప్ ఎ కోల్డ్’. తెలుగులో ‘వాడికి జలుబు చేసింది’, ‘జలుబు పట్టుకుంది’. ఇక్కడా కర్త పిల్లవాడు కాదు, జలుబు. ఇంగ్లీషులో ఈ వాడుక అంటుకునే జబ్బులకే చెల్లుతుంది. జలుబు, జ్వరం, కడుపు తిప్పే జబ్బు సరే. మధుమేహాన్ని ఎవరూ పిక్ అప్ చేయరు.

సిగ్నల్ సంగతీ అంతే. ‘ద ఫోన్ ఈజ్ నాట్ పికింగ్ అప్ ఎ సిగ్నల్’ అని ఇంగ్లీషు అంటే, ‘సిగ్నల్ అందడం లేదు’ అని మనం అంటాం. దీవుల్లో ఈ వాక్యానికి ప్రత్యేక చరిత్ర ఉంది. చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు 2,312 కిలోమీటర్ల సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా ఇక్కడి ఇంటర్నెట్టు ఉపగ్రహాల మీదే ఆధారపడి నడిచింది. సిగ్నల్ అందలేదన్న మాట అప్పట్లో ఎంత మామూలో చెప్పనక్కర్లేదు.

మూడు చోట్లా ఇంగ్లీషు మనిషిని, యంత్రాన్ని కర్తగా నిలబెట్టి, బయటిదాన్ని వాళ్ళు ఎత్తుకున్నట్టు చెబుతుంది. తెలుగు బయటిదాన్నే కర్తగా చేసి, అది వచ్చి మనిషికి చేరినట్టు చెబుతుంది. ఈ తేడా పట్టుబడని విద్యార్థి ‘హిందీ కేమ్ టు మి’ అనీ, ‘కోల్డ్ కాట్ మి’ అనీ రాస్తాడు. తప్పు అతని తెలివిలో లేదు. తన భాష వాక్యం అల్లే తీరునే అతను నమ్మకంగా అనుసరించాడు. కర్తను మార్చాలని ఒక్కసారి చెబితే మూడు అర్థాలూ కలిసి దారికొస్తాయి. పిక్ అప్ నేర్పడంలో అతి ముఖ్యమైన పాఠం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మనసులోని మాటను పట్టేయడానికి ‘పిక్ అప్ ఆన్’ అనే మూడు ముక్కల రూపం వాడతారు. దీనికి మాత్రం తెలుగు మనిషిని కర్తగానే ఉంచుతుంది. ‘పసిగట్టాడు’ అన్నది దీనికి చక్కని జవాబు.

పుంజుకోవడం, జోరందుకోవడం

వ్యాపారం, వేగం, గాలి పెరగడానికి కూడా పిక్ అప్ చెల్లుతుంది. ఈ అర్థంలో దానికి కర్మ ఉండదు. ‘బిజినెస్ ఈజ్ పికింగ్ అప్’ అంటే బేరాలు పుంజుకుంటున్నాయని. ‘ద విండ్ పిక్డ్ అప్’ అంటే గాలి జోరందుకుందని. దీవుల మధ్య పడవ ప్రయాణం గాలివాటం మీద ఆధారపడే చోట ఈ రెండో వాక్యం తెలిసి ఉండటం అవసరం. గాలి, సముద్రం ఉధృతంగా ఉన్నప్పుడు ఫెర్రీలు ఆగిపోతాయి. వాతావరణ సమాచారం ఇంగ్లీషులో వినేవారు ‘పిక్ అప్’ అనగానే ఎవరో ఏదో ఎత్తారనుకోకూడదు.

ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టడం మరో అర్థం. ఇందులో తెలుగు, ఇంగ్లీషు ఆశ్చర్యకరంగా కలుస్తాయి. హరిదాసు నిన్న ఆపిన కథను ఈరోజు ‘ఎత్తుకుంటాడు’. గాయకుడు పల్లవి ‘ఎత్తుకుంటాడు’, పక్కవాడు ‘అందుకుంటాడు’. ఏ ఇంగ్లీషు ప్రభావమూ లేకుండా, పైకి తీయడం నుంచి మొదలుపెట్టడం దాకా మన క్రియ కూడా అదే దారిలో నడిచింది.

మిగిలినవి చిన్నవి. ‘పిక్ అప్ ద బిల్’ అంటే అందరి ఖర్చూ తానే పెట్టుకోవడం. అమెరికాలో ‘పిక్ అప్ యువర్ రూమ్’ అంటే గది సర్దమని. ‘పిక్ అప్ ద పీసెస్’ అంటే చెదిరిన బతుకును మళ్ళీ కూడగట్టుకోవడం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరవాత ఈ దీవులవారు చేసింది అదే.

తెలుగులో ‘పికప్’కు పడ్డ మూడు ముడులు

ఇంగ్లీషులో ఒకే రూపం సకర్మకంగానూ, అకర్మకంగానూ పనిచేస్తుంది. తెలుగు అలా ఊరుకోదు. అరువు మాటకు తన క్రియను తగిలించి అర్థాలను విడగొడుతుంది.

‘పికప్ చేయు’, ‘పికప్ చేసుకొను’ అంటే మనిషినో సామానునో బండిలో ఎక్కించుకోవడం. ‘పికప్ అవు’ అంటే మెల్లగా మొదలైనది ఊపందుకోవడం. సినిమావాళ్ళ మాటల్లో ఇది నిత్యం వినిపిస్తుంది: మొదటిరోజు నీరసంగా ఉన్న వసూళ్ళు మౌత్ టాక్‌తో పికప్ అయ్యాయి, కథ ఇంటర్వెల్ తరవాత పికప్ అయింది. చదువులో వెనకబడ్డ కుర్రవాడు పదో తరగతికి వచ్చేసరికి పికప్ అవుతాడు. ఇక ‘పికప్ ఉంది’, ‘పికప్ లేదు’ అన్నవి బండి గురించి. ఎక్సలరేటర్ ఇవ్వగానే దూసుకెళ్ళే శక్తి పికప్. పోర్ట్ బ్లెయిర్‌లాంటి ఎత్తుపల్లాల ఊళ్ళో పికప్ లేని స్కూటరుతో పడే అవస్థ అక్కడివారికే తెలుసు. ఈ అర్థం మనవాళ్ళు పుట్టించింది కాదు, ఇంగ్లీషు నిఘంటువుల్లోనూ ఉంది. కాకపోతే మన దేశంలో వాడుక ఎక్కువ. వెనక సామాను తొట్టి ఉన్న బండికి కూడా పికప్ అనే పేరు. బొలెరో పికప్ తెలియని మార్కెట్ యార్డు తెలుగునాట ఉండదు.

ఫోన్‌కు మాత్రం తెలుగువారు పికప్ వాడటం తక్కువ. ‘ఫోన్ ఎత్తట్లేదు’, ‘ఫోన్ తియ్యట్లేదు’, లేకపోతే ‘లిఫ్ట్ చెయ్యట్లేదు’. మరో ఇంగ్లీషు మాట ‘లిఫ్ట్’ అప్పటికే ఆ చోటును ఆక్రమించింది. దాంతో మన ఇంగ్లీషులోకి కూడా ‘హి ఈజ్ నాట్ లిఫ్టింగ్ ద ఫోన్’ అన్న వాక్యం వచ్చింది. భారతదేశంలో అందరికీ అర్థమవుతుంది. ఇంగ్లండులోనో, అమెరికాలోనో అయితే ‘హి ఈజ్ నాట్ పికింగ్ అప్’ అనడమే సహజం.

భాష, జబ్బు, సంకేతం అనే మూడు అర్థాలకు పికప్ తెలుగులోకి దాదాపు రానే లేదు. ‘హిందీ పికప్ చేశాడు’ అని అక్కడక్కడా వినిపించవచ్చు, ‘జలుబు పికప్ చేశాడు’ అని ఎవరూ అనరు. బండ్లతో, వ్యాపారంతో వచ్చిన అర్థాలను తీసుకున్నాం. ఒంటికి, మనసుకు సంబంధించినవాటికి మన క్రియలు ముందే ఉన్నాయి, అవి చోటివ్వలేదు.

రూపం, ఉచ్చారణ

పిక్ అప్ విడదీయగల ఫ్రేజల్ వెర్బ్. కర్మ నామవాచకమైతే రెండు విధాలా చెల్లుతుంది: ‘పిక్ అప్ ద బ్యాగ్’, ‘పిక్ ద బ్యాగ్ అప్’. కర్మ సర్వనామమైతే నడుమనే ఉండాలి: ‘పిక్ ఇట్ అప్’, ‘పిక్ హర్ అప్’. ‘పిక్ అప్ హర్’ అనడం తప్పు. తెలుగులో పికప్ ఒకే ముక్కగా స్థిరపడటం వల్ల మధ్యలో మాట చొప్పించాలన్న ఆలోచన మనకు సహజంగా రాదు. భూతకాలపు ప్రత్యయాన్ని చివర తగిలించి ‘పికప్డ్’ అనేయడానికీ అదే కారణం. ప్రత్యయం ఎప్పుడూ ‘పిక్’కే చేరుతుంది: ‘పిక్డ్ అప్’.

రాతలో క్రియ రెండు ముక్కలు, నామవాచకం ఒక్క ముక్క. పలకడంలో క్రియకు ఊనిక ‘అప్’ మీద, నామవాచకానికి ‘పిక్’ మీద. దరఖాస్తుల్లో, నివేదికల్లో పిక్ అప్‌కు బదులు సందర్భాన్ని బట్టి కలెక్ట్, అక్వైర్, ఇంప్రూవ్, డిటెక్ట్, రెజ్యూమ్ అనే మాటలు వాడటం రివాజు. సంభాషణలో అవే వాడితే మాట బిగుసుకుపోతుంది.

చరిత్ర

పాత ఇంగ్లీషులో క్రియకు ముందు ఉపసర్గలు చేరేవి. మధ్యయుగంలో అవి క్రమంగా తగ్గి, క్రియ తరవాత చిన్న మాట వచ్చే పద్ధతి పెరిగింది. ఈ జంటలు పరాయివారికి కొరుకుడుపడవని శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు ముందుమాటలోనే గుర్తించాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. పేరు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పుకున్నాడు. ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారును కర్మాగారంలోనే పికప్ తొట్టితో తయారుచేసి అమ్మడం మొదలుపెట్టిందీ 1925లోనే.

2007లో డీ గార్డ్నర్, మార్క్ డేవిస్ బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను పరిశీలించి, ఫ్రేజల్ వెర్బుల వాడకంలో సగానికి పైగా కేవలం 20 క్రియల నుంచే వస్తుందని తేల్చారు. ఆ ఇరవైలో ‘పిక్’ ఒకటి. ఎక్కువగా వాడే వంద జంటలకు సగటున అయిదుకు మించిన అర్థాలున్నాయని కూడా వారు చూపారు.

తెలుగు వైపు నుంచి చూస్తే, ఇంగ్లీషులో ‘అప్’ చేసే పనిలో కొంత మన ‘కొను’ చేస్తుంది. ఎత్తు, ఎత్తుకొను, ఏరు, ఏరుకొను, అందు, అందుకొను, పట్టు, పట్టుకొను. ‘కొను’ చేరగానే పని కర్త వైపు తిరుగుతుంది, అర్థం కొత్త దారి పడుతుంది. రెండూ ఒకటి కావు గానీ, చిన్న చేర్పుతో క్రియ అర్థం మారిపోవడం తెలుగువారికి కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు కూర్చేవారూ, దీవుల్లోనూ తెలుగునాటా ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులూ ‘పిక్ అప్ అంటే ఎత్తు’ అని ఒక్క మాటతో సరిపెట్టవద్దు. ఎత్తుకొను, ఏరుకొను, ఎక్కించుకొను, అబ్బు, పట్టుకొను, అందు, పుంజుకొను అన్నవాటిని ఒక్కోదానికి ఒక్కో పూర్తి వాక్యంతో, కర్త ఎక్కడ మారుతుందో చూపిస్తూ ఇవ్వాలి.